కారు లేని షెడ్డు

ఇల్లు కట్టేటప్పుడు మనవాళ్ళు పూజగదికి ఈశాన్యం చూస్తారు, వంటింటికి ఆగ్నేయం చూస్తారు. చేతిలో కారు కొనే స్తోమతు లేకపోయినా, ఎప్పటికైనా కొనకపోతామా అన్న ఆశతో వంటింటి గోడకి చేరేసి ఓ కారు షెడ్డు కూడా వేయించేస్తారు. అందులోకి కారు రాదు. నవారు మంచాలూ, విరిగిన ఉయ్యాల బల్లా, పిల్లల మూడుచక్రాల సైకిలూ వస్తాయి. హిందూపురంలో మా ఇంటి షెడ్డు చరిత్రా అంతే. నిరుడు మావారు పనిచేసే మిల్లు మూతపడేదాకా దాని మొహం చూసినవాళ్ళు లేరు.

మావారు పాతికేళ్ళు మోటార్ల మరమ్మతు చేసిన మనిషి. యాభై దాటినవాడికి కొత్త ఉద్యోగం ఎవరిస్తారు చెప్పండి? నెల రోజులు వరండాలో కూర్చుని, ఒకే పేపరు రెండేసి సార్లు చదివి, ఓ పొద్దున, "ఏమోయ్, షెడ్డులో వర్క్‌షాపు పెడతాను" అన్నారు. కాలిపోయిన ఫ్యాన్లకీ, మిక్సీలకీ, తోటల్లో నీళ్ళు తోడే మోటార్లకీ మళ్ళీ రాగితీగ చుట్టి ఇచ్చే పని. బోరుబావుల మీద బతికే మా సీమలో ఆ పనికి కరువుండదు. పెట్టుబడి ఆయన ప్రావిడెంటు ఫండూ, నా నవలల మీద వచ్చి బ్యాంకులో పడి ఉన్న కాస్త సొమ్మూ. అంటే, ఇంట్లో ఉన్నదంతా అన్నమాట.

ఇక ప్లాను మొదలయింది. పెళ్ళి ముహూర్తానికి కూడా మా ఇంట్లో అంత చర్చ జరగలేదు. బల్ల ఎత్తు నిలబడ్డ మనిషి మణికట్టు దగ్గరికి రావాలట, లేకపోతే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. ఉత్తరం వైపు కిటికీ పెడితే ఎండ మీద పడకుండా రోజంతా ఒకే తీరు వెలుతురు వస్తుంది. గాలి ఒక గోడలోంచి వచ్చి ఎదుటి గోడలోంచి పోవాలి. కింద తాడిపత్రి బండలు, పైన రేకులు తీసేసి పెంకులు. ఎర్తుకి విడిగా గుంట తవ్వి బొగ్గూ, ఉప్పూ పోయాలి. వ్యాపారానికి ఇంటి మీటరు పనికిరాదు, వేరే కనెక్షను పెట్టించుకోవాలి. సుత్తికీ, శ్రావణానికీ, పానాలకీ గోడ మీద వాటి బొమ్మలే గీసి మేకులు కొట్టాలి. ఏ వస్తువు చోటు దానిదే. ఇరవై ఏళ్ళ కాపురంలో తన తువ్వాలు ఏ కొక్కేనికి ఉంటుందో తెలియని మనిషి ఇదంతా చెబుతూంటే నేను నోరు తెరుచుకుని విన్నాను.

కొలతలు చూస్తే 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. "అమెరికాలో హ్యూలెట్, పాకార్డు అని ఇద్దరు కుర్రాళ్ళు 1939లో కంపెనీ మొదలుపెట్టింది ఇంతకంటే ఒక్క అడుగు వెడల్పున్న కారు షెడ్డులోనేనోయ్!" అన్నారు ఉత్సాహంగా. నిజమే. పాలో ఆల్టో ఊళ్ళో ఉన్న ఆ షెడ్డుని 1987లో కాలిఫోర్నియా రాష్ట్రం చారిత్రక స్థలంగా గుర్తించింది కూడా.

అయితే ఆ కథలో ఆయన చెప్పని ముక్క ఒకటుంది. ఆ కుర్రాళ్ళు యంత్రాల పలకలకి వేసిన రంగుని కాల్చి గట్టిపరచింది పాకార్డు గారి ఇంట్లో వంట ఓవెన్‌లోనే. ఆయన భార్య లూసిల్ పగలంతా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతూ, వచ్చాక కంపెనీ ఉత్తరాలూ లెక్కలూ చూసేది. షెడ్డు చారిత్రక స్థలమయింది. ఓవెన్ సంగతి ఎందరికి తెలుసు?

ఆ మాట అంటూండగానే మావారి చూపు నా కేకుల ఓవెన్ మీద పడింది. తీగ చుట్టాక వార్నిషు పోసి వేడిలో ఆరబెట్టాలి కదా! "చిన్న మోటార్లేలే" అన్నారు మెల్లిగా. నేను మాట్లాడలేదు.

మాట్లాడాల్సింది ధర్మవరం వెళ్ళాక దొరికింది. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పట్టుచీర కొనాలని ఇద్దరం బస్సెక్కాం. 1565 తరవాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండ దాటి, ఎర్రమంచి దగ్గరికి వచ్చేసరికి 2019లో ప్రారంభమైన కియా కార్ల ఫ్యాక్టరీ కనపడింది. "అయిదు వందల ఎకరాల పైన ఉంది వర్క్‌షాపు" అన్నారు మావారు, మన 18 అడుగులు గుర్తొచ్చి కాబోలు, కాస్త దిగులుగా.

ధర్మవరంలో చీర చూపిస్తామని ఓ నేతగాడు ఇంట్లోకి తీసుకెళ్ళాడు. వాకిలి దాటగానే మగ్గం. మనిషి గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతాడు. పడుగు సాగేంత పొడవు, పైన జకార్డు పెట్టె పట్టేంత ఎత్తు, పక్క నుంచి వెలుతురు. మావారు జేబులోంచి టేపు తీశారు.

"మొదట ఇల్లు కట్టి మగ్గం పెట్టినారా?" అని అడిగారు.

"అట్ల కుదర్దు సార్. మగ్గానికి జాగా చూసుకోని, మిగిలిన దాంట్లో ఇల్లు కట్టుకోవల్ల" అన్నాడతను.

ఎంత చక్కటి మాట! కానీ నా చూపు గుమ్మం పక్కకి పోయింది. ఆ ఇంటి ఇల్లాలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. మగ్గానికి గుంట ఉంది, కిటికీ ఉంది. ఆమెకి గోడ మూల. మనిషి వచ్చినప్పుడల్లా రాట్నం పక్కకి జరిపి దారిస్తోంది.

"దీనికి కూలి వేరే ఇస్తారామ్మా?" అన్నాను.

"యాడిస్తారక్కా! చీర కూలీలోనే అన్నీ" అని నవ్వింది, చేయి ఆపకుండానే.

2019-20లో జరిగిన నాలుగో జాతీయ చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు పనివాళ్ళు తేలారు. నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళే. లెక్కలోకి ఎక్కారు, సంతోషం. గుమ్మం పక్కనుంచి కిటికీ కిందికి ఎప్పుడు జరుగుతారో మరి!

ఇంటికొచ్చాక ఆ ప్లాను నా ముందుకి లాక్కున్నాను. "ఇందులో ఫోనెత్తేది ఎవరు? మోటారు ఎవరిదో చీటీ కట్టేదెవరు? బాకీలు రాసేదెవరు? మీరు బజారుకి పోతే వచ్చిన రైతుని కూర్చోబెట్టి మజ్జిగిచ్చేదెవరు?" అని అడిగాను. ఆయన పెన్సిలు చెవిలో పెట్టుకుని చాలాసేపు నా వంక చూశారు. పాపం, ఆయన దురాలోచనేం లేదు. ఆ పనులు ప్లానులో గీయాల్సినవని ఎవరూ ఆయనకి చెప్పలేదు.

గీశాం. ఉత్తరం కిటికీ కింద నాకో బల్లా, స్టూలూ. నెలాఖరున వచ్చిన దాంట్లో నా పనికి ఓ వాటా, అదీ పుస్తకంలో నా పేరు మీద. వార్నిషు ఆరబెట్టడానికి బల్బులు పెట్టిన రేకు పెట్టె ఒకటి, ఓవెన్ జోలికి రాకుండా. ఇక షెడ్డుకీ వంటింటికీ మధ్య తలుపు. మేస్త్రీ గడియ షెడ్డు వైపు బిగించబోతే ఆపి, వంటింటి వైపు పెట్టించాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నేను రాసుకునే వేళ. అప్పుడు ఆ గడియ పడే ఉంటుంది, కరెంటు పోయినా, కలెక్టరు గారి మోటారు వచ్చినా సరే.

షెడ్డు తెరిచి ఆరు నెలలయింది. ఇంకా మిల్లు జీతమంత రావడం లేదు, దాచుకున్నదాంట్లో సగం గోడలకీ తీగకీ అయిపోయింది. కానీ మావారు పేపరు ఒక్కసారే చదువుతున్నారు. రాత్రి భోజనాల దగ్గర ఏ మోటారు ఎందుకు కాలిందో చెబుతారు. నేనూ ఫ్యాను కాయిలు చుట్టడం నేర్చుకున్నాను. చుట్లు లెక్క తప్పకుండా చుట్టడం నవల రాయడం కంటే తేలికేమీ కాదు.

మీ ఇంట్లోనూ వాడని షెడ్డో, వసారానో ఉండే ఉంటుంది. మీవారికో, అబ్బాయికో అక్కడ ఏదో పెట్టాలన్న సరదా పుట్టే ఉంటుంది. సంతోషంగా పెట్టనివ్వండి, డబ్బుంటే ఇవ్వండి కూడా. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేలోపు మాత్రం ఆ కాగితం ఒకసారి అడిగి చూడండి, అందులో మీ స్టూలు ఎక్కడ వేశారో.