హైకోర్టు నెత్తిన దీపం

గన్నవరం నుంచి మద్రాసు వెళ్లే మనవాళ్లు మెరీనాలో లైట్‌హౌస్ చూసొస్తారు. అది 1977 నాటిది. అంతకు ముందరివి రెండు హైకోర్టు ఆవరణలోనే ఉన్నాయి. ఒకటి 1844లో దీపం పెట్టిన రాతి స్తంభం. రెండోది కోర్టు గోపురమే, 1894 నుంచి దాని మీదే దీపం వెలిగింది.

1954లో గుంటూరుకు హైకోర్టు వచ్చేదాకా కృష్ణా జిల్లా పొలం తగాదాలు అప్పీలుకెళ్తే చేరింది ఆ గోపురం కిందికే. దస్తావేజుల మూటలతో మన తాతల తరం రైలెక్కింది అక్కడికే. అందుకే ఆ ఆవరణలోని రాతి స్తంభం మనదీ అనిపిస్తుంది నాకు.

దీపం ఆరిపోయినా పడగొట్టకుండా నిలుపుకున్నారు, వాళ్లకు దణ్ణం. బందరు కోటలో మిగిలిన గోడల్నీ మనం అంత శ్రద్ధగా చూసుకోవాలి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.