ఒత్తులు తెగిన చిక్కడపల్లి

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర బస్సు దిగి నారాయణగూడ వైపు నడిచేవాడికి చిక్కడపల్లి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చెప్పడం కష్టం. అశోక్‌నగర్ సంగతీ అంతే. సిటీ సెంట్రల్ లైబ్రరీ చిక్కడపల్లిదా, అశోక్‌నగర్‌దా అని అక్కడ కూర్చుని చదువుకునే కుర్రాళ్లనే అడిగి చూడండి, ఇద్దరు రెండు జవాబులు చెబుతారు. మూడు పేటలూ అలా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. కానీ వాటి పేర్లను తెలుగులో రాసి చూస్తే మాత్రం మూడూ మూడు తీరులు.

'చిక్కడపల్లి'లో రెండు ఒత్తులు కిందికి దిగుతాయి. 'నారాయణగూడ'లో ఒత్తన్నదే లేదు. ఆరక్షరాలు తాపీగా పక్కకి సాగుతాయి. 'అశోక్‌నగర్'లోనూ కిందికి దిగేది ఏమీ లేదు, భారమంతా నెత్తిమీదే: శో మీద ఓత్వం, క్ మీదా ర్ మీదా పొల్లు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బస్సుల మీద, బోర్డుల మీద చదువుతున్న పేర్లే. వాటి ఆకారాల మీద నా దృష్టి పడేలా చేసింది మాత్రం కంప్యూటరు తెర మీది ఒక చిన్న గడి.

ఏ గడి అంటారా? పేరు రాయమనీ, చిరునామా రాయమనీ కంప్యూటరు మన ముందు పెట్టే ఖాళీ గడి. ఇంజనీరింగు వాళ్లు దాన్ని టెక్స్ట్ ఫీల్డ్ అంటారు. ఆ గడి ఎంత పొడుగుండాలి, ఎంత ఎత్తుండాలి అన్నది ప్రోగ్రాం రాసేవాడు ముందే తేల్చాలి. ఇదీ ఒక సమస్యేనా అని మన ఆర్ట్స్ మిత్రులు నవ్వుకోవచ్చు. మా క్లాసులోనూ దీన్ని ఎవరూ సమస్య అనుకోలేదు. ల్యాబు పరీక్షలో గడి కనబడితే చాలు, మార్కులు పడేవి.

కొన్నాళ్ల కిందట చిక్కడపల్లి సందులో ఒక డీటీపీ సెంటరు నుంచి కబురొచ్చింది. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, విజిటింగ్ కార్డులు వేసే షాపు. ఆర్డర్లు రాసుకోవడానికి ఎవరో ఎప్పుడో జావాలో రాసిచ్చిన ప్రోగ్రాం ఉంది. రాసినాయన ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో ఓనరుకే తెలీదు. "ప్రోగ్రాం బాగానే ఉంది బాబూ, పేర్లే తినేస్తోంది" అన్నాడాయన.

ఆపరేటరమ్మాయి చూపించింది. పేరు గడిలో 'చిక్కడపల్లి' అని కొడితే పై భాగం శుభ్రంగా ఉంది, కింద క ఒత్తూ ల ఒత్తూ గడి అంచు దగ్గర కత్తిరించినట్టు తెగిపోయాయి. చదివితే 'చికడపలి'. 'నారాయణగూడ' మాత్రం చెక్కుచెదరలేదు. "పేరు పెద్దదో చిన్నదో కాదన్నా, ఒత్తుందా లేదా అన్నదే దీనికి కావాలి" అంది. నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఆ అమ్మాయి తన తిప్పలు తను పడుతోంది. ప్రతి పేరూ ముందు నోట్‌ప్యాడ్‌లో పెద్దక్షరాలతో కొట్టి, కళ్లతో చూసి సరిచూసుకుని, తర్వాత కాపీ చేసి ఆ గడిలో అతికిస్తుంది. రోజుకు ఎన్ని ఆర్డర్లయితే అన్నిసార్లు. జీతం మాత్రం ఒక్కసారికే.

నేనుండగానే అశోక్‌నగర్ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. భర్త పెద్దకర్మ కార్డు. ఆర్డరు రాసుకున్నాక తెరను తిప్పి చూపించి, పేరు సరిగా ఉందా అని అడగడం ఆ షాపు ఆచారం. ఆయన పేరులో ల్ల, న్న రెండూ ఉన్నాయి. తెర మీద రెండు ఒత్తులూ లేవు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "మా ఆయన పేరు ఇది కాదమ్మా" అన్నారు. "లోపల సరిగానే ఉందమ్మా, పైకి కనబడదంతే" అంది ఆపరేటరు. ఆ మాట నిజమే. కంప్యూటరు జ్ఞాపకంలో పేరు పూర్తిగా, ఒత్తులతో సహా ఉంది. కానీ పన్నెండు రోజుల కిందట మనిషిని పోగొట్టుకున్నావిడకి 'లోపల ఉంది, పైకి కనబడదు' అని చెప్పడం ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆవిడ కాగితం అడిగి తీసుకుని పేరు తన చేత్తో రాసిచ్చి, "ఇట్లా వెయ్యండి" అని వెళ్లిపోయారు.

ఆ రాత్రి ప్రోగ్రాం విప్పి చూస్తే కారణం ఒక్క వాక్యంలో ఉంది. ప్రతి గడికీ వెడల్పు 150, ఎత్తు 20 అని చుక్కల లెక్కన మేకు కొట్టి బిగించారు. తెర మీది ఆ చుక్కల్నే పిక్సెళ్లు అంటాం. ఇంగ్లీషుకి ఆ ఎత్తు సరిపోయి ఉంటుంది. ఇంగ్లీషులో గీత కిందికి దిగే చిన్నక్షరాలు జి, జె, పి, క్యూ, వై లాంటివి నాలుగైదు. అవీ తోక కాస్త ఊపి ఊరుకుంటాయి. మన ఒత్తు అలా కాదు, కింద ఇంకో అక్షరమే వచ్చి కూర్చుంటుంది. దానికి తోడు, కళ్లు లాగుతున్నాయని ఆ అమ్మాయి అక్షరాల సైజు 12 నుంచి 16కి పెంచుకుంది. అక్షరం పెరిగింది, గడి పెరగలేదు. పిల్లాడికి ఆరో ఏట కుట్టించిన చొక్కా పదో ఏట తొడిగినట్టు.

నిజానికి జావాలో ఇలా మేకు కొట్టనక్కరలేని ఏర్పాటు మొదటినుంచీ ఉంది. 1998 డిసెంబరులో జావా 1.2తో పాటు వచ్చిన స్వింగ్ అనే సామగ్రిలో గడులను ఎక్కడ, ఎంతలో పెట్టాలో చూసుకునే పెద్దమనిషి ఒకడుంటాడు; పేరు లేఅవుట్ మేనేజర్. పెళ్లి బంతిలో విస్తళ్ల దగ్గర నిలబడి జనాన్ని కూర్చోబెట్టే ఆసామి అనుకోండి. ఒక్కొక్క గడినీ అడుగుతాడు: నీకు సుఖంగా ఉండాలంటే ఎంత చోటు కావాలి? ఇరుక్కుని కూర్చుంటే ఎంతలో సర్దుకుంటావు? ఎక్కువలో ఎక్కువ ఎంత వరకు సాగుతావు? ఈ మూడు జవాబులనూ బట్టి అందరికీ చోటు పంచుతాడు. గడి తన అక్షరాలను చూసుకుని తనే జవాబు చెప్పుకోవాలి. 150, 20 అని మనం రాసిపెట్టామంటే, గడి నోరు మూసి దాని తరఫున మనం అబద్ధం చెప్పినట్టే.

ఈ పెద్దమనుషుల్లోనూ రకాలున్నాయి. గ్రిడ్‌బ్యాగ్ అని ఒకాయన ఉన్నాడు, సమర్థుడే గానీ కోపిష్ఠి. అందరికీ సుఖంగా సరిపడా చోటున్నంతసేపూ మర్యాదగా ఉంటాడు. కిటికీ కాస్త, ఒక్క చుక్క తగ్గినా సరే, తలా కొంచెం సర్దుకోండి అనడు. అందర్నీ ఒక్కసారిగా ఇరుకు కొలతకు దించేస్తాడు. పేరు గడి హఠాత్తుగా సన్నటి చీలిక అయిపోతుంది. బాక్స్ లేఅవుట్ దీనికి తిరగలి. సాగనిస్తే ఎంతైనా సాగుతానని టెక్స్ట్ ఫీల్డ్ చెప్పిన మాట నమ్మి, ఒక్క వరస పేరుకి గోడంత ఎత్తు ఇచ్చేస్తాడు.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ గడి కోసమే పుట్టిందేమో. అందులోకి ఏ పేరు రాబోతుందో తెలియకముందే కొలత చెప్పాలి. అందుకని 'ఇన్ని కాలమ్‌లు' అని చెప్పే పద్ధతి పెట్టారు. కాలమ్ అంటే ఎంత? స్వింగ్ లెక్కలో, ఎంచుకున్న ఫాంటులో ఇంగ్లీషు చిన్న ఎమ్ ఎంత వెడల్పో అంత. టీకే అని ఇంకో పాత సామగ్రి ఉంది, దాని పెద్ద రాత గడికి సున్నా వెడల్పే కొలబద్ద. చేత్తో అక్షరాలు కూర్చిన రోజుల్లో ప్రెస్సుల్లో కంపోజిటర్లు పంక్తి పొడుగును 'ఎమ్'లలోనే చెప్పేవారు. పైకా ఎమ్ అంటే 12 పాయింట్లు, అంగుళంలో ఆరోవంతు. సీసపు అక్షరాలు మూలబడ్డా కొలబద్ద మాత్రం తెర మీదికి ఎక్కి కూర్చుందన్నమాట. తెలుగు గడికి కూడా ఇంగ్లీషు ఎమ్మే గజం బద్ద!

పోనీ లెక్కపెట్టి ఇద్దామా? ఇంగ్లీషులో మామూలుగా రాసే తీరులో చిక్కడపల్లికి 12 అక్షరాలు, నారాయణగూడకి 11. పేచీ లేదు. తెలుగులో మన కంటికి చిక్కడపల్లి అయిదక్షరాలు: చి, క్క, డ, ప, ల్లి. యూనికోడ్ ప్రకారం కంప్యూటరు లెక్క మాత్రం 11, ఎందుకంటే గుణింతపు గుర్తూ, ఒత్తుకి ముందుండే పొల్లూ దేనికదే విడిగా లెక్కకొస్తాయి. ఆరక్షరాల నారాయణగూడ దాని లెక్కలో 9. అంటే కంటికి పెద్దది లెక్కకు చిన్నది! అశోక్‌నగర్ మరీ విచిత్రం. క్ తర్వాత న ఒత్తుగా మారి కిందికి పోకుండా మధ్యలో కనబడని గుర్తు ఒకటి పెట్టాలి. దానికి వెడల్పు సున్నా, లెక్కలో మాత్రం ఒకటి. దానితో కలిపి 10. ఈ అంకెల్ని నమ్మి 11 కాలమ్‌లు ఇస్తే చిక్కడపల్లి పక్కన ఖాళీ మిగులుతుంది. పదికి మించి పట్టదని హద్దు పెడితే 'చిక్కడపల్ల' దగ్గర ఆగిపోతుంది.

నారాయణగూడలో చిన్నప్పుడు బోర్డులు రాసే ఒక పెయింటర్ పని చూస్తూ నిలబడేవాణ్ణి. రేకు మీద సుద్దతో ముందు రెండు గీతలు కొట్టేవాడు. అక్షరాల నడుం ఆ రెండింటి మధ్య. పైన తలకట్టుకీ, కింద ఒత్తుకీ చెరి కొంత జాగా విడిచేవాడు. ఇంగ్లీషు వరసకు కింద అంత విడిచేవాడు కాదు. ఉర్దూ వరస దగ్గర అసలు గీతే కొట్టకుండా చేతివాటంతో దింపేవాడు. మూడు భాషలకు మూడు కొలతలు, ఒక్క బోర్డు. ఏ పుస్తకంలో చదివాడో మరి!

నేను షాపులో చేసింది ఆ పెయింటర్ చేసిందే. మేకులన్నీ పీకేశాను. ఫాంటుగా నిర్మలా యూఐని పేరు పెట్టి మరీ చెప్పాను. అది 2012లో విండోస్ 8తో వచ్చింది, అంతకు ముందు 2001 నాటి ఎక్స్‌పీలో తెలుగుకి గౌతమి ఉండేది. ఇలా చెప్పకపోతే తెలుగు లేని ఫాంటు పేరు పైకి ఉంటుంది, అక్షరాలేమో ఇంకో ఫాంటు నుంచి అరువొస్తాయి. ఎత్తు ఒకరిది, ఒత్తు ఒకరిది అయ్యే ప్రమాదం. తర్వాత ఎత్తు సంగతి గడికే వదిలేశాను. వెడల్పుకి అక్షరాలు లెక్కపెట్టడం మానేసి, షాపు పాత ఆర్డర్ల పుస్తకంలోంచి పొడుగు పేర్లు ఏరి, ఆ ఫాంటులో అవి నిజంగా ఎంత చోటు తీసుకుంటాయో కంప్యూటరు చేతే కొలిపించాను. ఇరుకు కొలత కూడా అంతే పెట్టాను కాబట్టి గ్రిడ్‌బ్యాగ్ గారి కోపం ఇక పేర్ల మీద పడదు.

చిరునామా గడి మాత్రం పూర్తిగా లొంగలేదు. అది ఒక వరసతో అయ్యేది కాదు, మాట మాటా మడతపెట్టుకుంటూ కిందికి దిగాలి. ఎన్ని వరసలవుతుందో వెడల్పు తెలిస్తే గానీ చెప్పలేం. పెద్దమనిషి మాత్రం వెడల్పు ఇవ్వకముందే ఎత్తు ఎంతని అడుగుతాడు. క్యూటీలోనూ, 2011లో వచ్చిన జీటీకే 3లోనూ 'ఇంత వెడల్పిస్తే ఎంత ఎత్తు' అని అడిగే వీలుంది. స్వింగ్‌లో సూటిగా లేదు. నాలుగు వరసలిచ్చి, మిగిలింది పైకీ కిందికీ జరుపుకునేలా స్క్రోల్ పెట్టి సరిపెట్టాను. ఓనరు దీన్నే మెచ్చుకున్నాడు! ఆయనకి జరిగే బొమ్మంటే ఇష్టం.

ఇప్పుడు ఆ అమ్మాయి నోట్‌ప్యాడ్ తెరవడం లేదు. ఏ మార్పు చేసినా ముందు కొట్టి చూడమని మూడు పేటల పేర్లూ రాసిన చీటీ మానిటర్ పక్కన అంటించాను. మొన్న వెళ్తే కింద ఆవిడ చేత్తో రాసిన నాలుగో పేరు కనబడింది: 'ఆర్టీసీ క్రాస్‌రోడ్స్'. కింద ఒత్తు, పక్కన వట్రసుడిలా చుట్టుకునే క్రా, పైన పొల్లులు, పొడుగు, అన్నీ ఉన్నాయి. "మీ మూడింటికంటే ఇదొక్కటి చాలన్నా" అంది. కొట్టి చూశాం. ఎత్తు సరిపోయింది. వెడల్పులో చివరి 'స్' సగం బయటే ఉంది.