లీటరుకెన్ని కిలోమీటర్లు?

మా కళాశాల వార్షిక సంచికలలో యాత్రావర్ణనలకు కొదవ లేదు. శ్రీరంగపట్నాన్ని గురించి, టిప్పు సుల్తాను సమాధిమందిరమైన గుంబజ్‌ను గురించి, 1784 నాటి దరియా దౌలత్ బాగ్ గోడలపై చిత్రాలను గురించి వ్రాయగల సమర్థులు మాకన్న ఎందరో ఉన్నారు. కనుక మేము వాటి జోలికి పోక, అచ్చటికి వెళ్ళి వచ్చిన దారిలో మా బండి త్రాగిన డీజిలును గురించి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించాము. ఇదేమి విషయమని పాఠకులు నవ్వవచ్చు. ఆ డీజిలు లెక్కలో ఒక మనిషి పరువు చిక్కుకొని ఉన్నదని మాత్రం ముందుగానే మనవి చేసుకుంటున్నాము.

అది 2018 జూలై నెల. ఉర్దూ, తెలుగు శాఖలకు చెందిన మేము ఏడుగురము కర్నూలులో ఒక ఇన్నోవా బండిని బాడుగకు మాట్లాడుకున్నాము. దినానికింత అని బాడుగ యజమానికి, డీజిలు ఖర్చు మాది. ఇదీ ఒప్పందం. ప్రయాణపు ఖర్చులో కొంత భాగం కళాశాల కమిటీవారు దయతో మంజూరు చేసినది కావడంచేత ప్రతి రూపాయికీ లెక్క చూపవలసిన బాధ్యత మాపై ఉన్నది. "హైవే మీద లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తుంది" అని యజమాని చెప్పిన మాటను మా జమాఖర్చుల పుస్తకంలో మొదటి పుటలోనే వ్రాసుకున్నాము.

డ్రైవరు ఏభయ్యేండ్లు దాటిన పెద్దమనిషి, మితభాషి. బయలుదేరే ముందు అతడు రెండే మాటలు చెప్పాడు, రెండింటినీ మేము త్రోసిపుచ్చాము. మొదటిది సామాను గురించి. "నాయనా, పైన ఎక్కించొద్దండి. గాలి కొడ్తాది. కాళ్ళకాడ సర్దుకోండి" అన్నాడు. కాళ్ళు చాపుకొని పోవాలన్న కోరికతో మేము పరుపుచుట్టలు, రెండు పెట్టెలు, వంట దేగ్చీలు క్యారియరుపైకి ఎక్కించి, టార్పాలిన్ కప్పి తాడు బిగించాము. రెండవది బంకులో చెప్పాడు. ట్యాంకు నిండినదని పైపు టక్కున ఆగగానే మేము డబ్బు తీశాము. "నురగ దిగనీండి, ఇంకా పడ్తాది" అన్నాడతడు. అప్పటికే తొమ్మిది గంటలు దాటినది. నురగ దిగేదాకా నిలిచే ఓపిక మాకెక్కడిది?

డోను, గుత్తి, అనంతపురం, పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం. పూర్వం ఏడవ నంబరు జాతీయ రహదారిగా పేరుపడి, ఇప్పుడు నలభై నాలుగవదిగా పిలువబడే ఆ బాటపై మేము దక్షిణాభిముఖంగా సాగాము. "అన్నా, కొంచెం తొక్కు" అని వెనుకనుంచి ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. ముల్లు నూరుకు తగ్గితే మాకు తోచలేదు. మాలో ఒకరికి వాంతులు పట్టుకోవడంచేత ఒకవైపు ఏ.సి., మరొకవైపు తెరచిన కిటికీ. పైన టార్పాలిన్ దారి పొడుగునా పటపటమని కొట్టుకుంటూనే ఉన్నది. అనంతపురం జిల్లా కొండలపై గాలిమరలు గిరగిర తిరుగుతుంటే చూచి ముచ్చటపడ్డాము. ఆ మరలను త్రిప్పే నైరుతి గాలికి మా బండి కూడా ఎదురీదుతున్నదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మరునాటి ఉదయం బెంగుళూరు బంకులో మళ్ళీ ట్యాంకు నింపించాము. తిరిగినది 368 కిలోమీటర్లు, పట్టినది 36.2 లీటర్లు. అంటే లీటరుకు పది చిల్లర! పన్నెండు లెక్కన 31 లీటర్లకు లోపే కావాలి. సుమారు అయిదున్నర లీటర్లు ఏమైనట్లు? లీటరు 70 రూపాయల చొప్పున 385 రూపాయలు. ఏడుగురికి పంచితే తలకు 55 రూపాయలు.

రాత్రి మేము దిగిన లాడ్జిలో బండి నిలిపే చోటు లేక డ్రైవరు ప్రక్క వీధిలో పెట్టుకొని అందులోనే పడుకున్నాడు. మా అనుమానానికి అంతకన్న ఆధారమేమి కావాలి? శ్రీరంగపట్నం దారిలో, అతని వెనుకనే కూర్చుండి, అతనికి తెలియరాదని ఉర్దూలో మాట్లాడుకున్నాము. రాత్రి పైపు వేసి తీసి ఉంటాడని ఒకరు, బత్తాలో విరగకోయాలని ఒకరు. కర్నూలులో పుట్టి పెరిగిన మనిషికి ఉర్దూ రాదనుకోవడం ఎంతటి అమాయకత్వమో మద్దూరులో తెలిసినది. అక్కడ మేము వడలు తింటూ ఉంటే అతడు ఒక్క టీ మాత్రం, తన డబ్బులతోనే త్రాగి, గ్లాసు క్రింద పెట్టి నెమ్మదిగా అన్నాడు: "హిసాబ్ కరో బాబా, షక్ నక్కో."

లెక్క చూడండి, అనుమానం వద్దు. అంతే. మా చేతిలోని వడ చేతిలోనే ఉండిపోయినది. ఆ రోజు గుంబజ్‌లో మేము ఏమి చూచామో మాకు సరిగా జ్ఞాపకం లేదు.

తిరుగు ప్రయాణం నాడు లెక్క అతడే పెట్టించాడు. బెంగుళూరు పొలిమేరలో ఒక బంకు దగ్గర ఆపి, పైపు ఆగిన తరువాత నురగ దిగనిచ్చి మళ్ళీ పట్టించాడు, అలా మూడు మార్లు. డీజిలు నురగ కడుతుందనీ, మొదటి టక్కుతో ట్యాంకు నిండినట్లు కాదనీ అప్పుడు గాని మాకు కన్నులకు కట్టలేదు. కర్నూలులో మేము నింపించామనుకొన్న ట్యాంకు నిండనే లేదు! బెంగుళూరులో ఆ లోటు కూడా కలిసి పడి మా లెక్కలో దొంగతనంగా తేలినది. పిమ్మట టైర్లలో గాలి చూపించాడు, వెనుకవాటిలో తక్కువగా ఉన్నది. సామానంతా లోపలికి దింపించాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతూ కూర్చున్నాము, ఒక్కరూ నోరు మెదపలేదు. ముల్లు ఎనభై దాటనివ్వలేదు.

మాలో బి.ఎస్సీ. చదివే మిత్రుడొకడు దారిలో నోటుపుస్తకం తెరిచాడు. నేలపై చక్రాల రాపిడి వేగంతో అంతగా పెరగదు. గాలి అడ్డు మాత్రం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎనభై నుండి నూరుకు పోతే వేగం పెరిగినది నాలుగవ వంతే గాని, కిలోమీటరుకు గాలితో పెనుగులాడే శ్రమ ఒకటిన్నర రెట్లకు మించుతుంది. ఇన్నోవా వంటి ఎత్తైన బండి అసలే గాలికి గోడ, దాని నెత్తిన మేము మరో గోడ కట్టాము. ఎదురుగాలి గంటకు ఇరవై ఉంటే నూరులో పోయే బండికి గాలి నూట ఇరవైలో తగిలినట్లే. ఇక ఎత్తు సంగతి. కర్నూలు సముద్రమట్టానికి సుమారు 280 మీటర్ల పైన ఉన్నది, బెంగుళూరు 900 మీటర్ల పైన. రెండు టన్నులు దాటిన బరువును ఆరువందల మీటర్లకు పైగా ఎక్కించడానికే లీటరు పైచిలుకు డీజిలు కావాలని తేల్చాడు. వచ్చేటప్పుడు ఆ ఎత్తే మనకు తోడు. బండి అమ్మేవారి కాగితాలలో అచ్చయ్యే మైలేజీ ప్రయోగశాలలో రోలర్లపై కొలిచినదనీ, ఆ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లేననీ కూడా అతడే చెప్పాడు. పెనుకొండ గాలిని, మా పరుపుచుట్టలను ఏ ప్రయోగశాల లెక్కలోకి తీసుకొంటుంది?

కర్నూలులో తొలినాటి బంకులోనే, అదే విధంగా నురగ దిగనిచ్చి నింపించాము. 351 కిలోమీటర్లకు 26.4 లీటర్లు. లీటరుకు 13.3. వేగం, గాలి, ఎత్తు, సామాను, నురగ అన్నీ ఒక్కసారే మారినందువల్ల వీటిలో ఏది ఎంత మిగిల్చినదో విడదీసి చెప్పలేము. ఎనభైలో రావడంవల్ల లెక్క ప్రకారం మాకు పోయిన కాలం యాభై నిముషాలు. పోయేనాడు వాంతులకు, టీలకు ఆగినది అంతకు రెట్టింపు.

బాడుగ చెల్లించి, పైన అయిదువందలు ఇవ్వబోయాము. తప్పు మన్నించమని అడగడానికి నోరు రాక నోటు చాచామన్నది నిజం. అతడు పుచ్చుకోలేదు. చివరికి మాలో పెద్దవాడు "అన్నా, మాది తప్పు" అన్నాడు. అందుకు అతడు తల ఊపి, "ఆ లెక్క రాసిన కాగితం నాకిస్తారా నాయనా?" అని అడిగాడు. ఎందుకని అడిగితే, నెలనెలా యజమాని డీజిలు లెక్కలో తనపై ఇదే మాట అంటున్నాడనీ, చదువుకున్నవారు వ్రాసిస్తే వింటాడేమో అనీ చెప్పాడు.

నోటుపుస్తకంలోని ఆ పుటను బంకు గల్లాపెట్టె మీదనే శుభ్రంగా తిరుగ వ్రాశాము. పోయిన లెక్క ఒకవైపు, వచ్చిన లెక్క ఒకవైపు. క్రింద ఏడుగురము సంతకాలు చేశాము, కొందరము తెలుగులో, కొందరము ఉర్దూలో. అతడు దానిని నాలుగు మడతలు పెట్టి, పర్మిటు కాగితాలున్న ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు.