జిలా బీదర్, రెండు సైకిళ్లు

మా దాదా పాత భూమి కాగితాల మీద ఉర్దూలో 'జిలా బీదర్' అని ఉంటుంది. మా పిల్లలు అది చూసి నవ్వుతారు. జహీరాబాద్ ఎక్కడ, బీదర్ జిల్లా ఎక్కడ అని. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు పంచినప్పుడు జహీరాబాద్, నారాయణ్‌ఖేడ్ వైపు ఊళ్లు బీదర్ నుంచి తెగి మెదక్‌లో కలిశాయి. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. మేము ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, కచేరీ మాత్రం మారింది. మా నానీ చనిపోయేదాకా బీదర్‌ని పేరుతో పిలవలేదు. "జిల్లాకు పోయిండు" అనేది. అంటే బీదర్ పోయాడని.

ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అయినా మనలో ఎంతమంది బీదర్ చూశారు? బస్సులో పోతూ ఖిలా గోడ చూసినవాళ్లు చాలామంది. గురుద్వారా దాకా వెళ్లినవాళ్లు కొందరు. అజ్మీర్ చూశాం, ఆగ్రా చూశాం, పెరట్లో ఉన్న రాజధానిని మాత్రం "ఎప్పుడైనా పోవచ్చు లే" అని వదిలేశాం. పోయిన డిసెంబర్‌లో నేనూ నా దోస్తూ రెండు రోజులు బ్యాటరీ సైకిళ్ల మీద ఆ ఊరూ, దాని చుట్టుపక్కల పల్లెలూ తిరిగి వచ్చాం.

దోస్త్ గురించి కొంచెం చెప్పాలి. వాళ్లింట్లో కన్నడ. మా ఇంట్లో దక్కనీ. ఇద్దరం కలిసింది తెలుగు డిగ్రీ క్లాసులో. ఉర్దూ మీడియం నుంచి వచ్చి ఛందస్సు ముందు తెల్లమొహం వేసుకుని కూర్చున్న నాకు యగణం, మగణం నేర్పింది వాడే. అప్పట్నుంచి నేను వాణ్ని 'సారూ' అంటాను. వాడు నన్ను 'మియా' అంటాడు. తర్వాత వాడు నిజంగానే సారు అయ్యాడు, బళ్లో. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి. మెట్లు ఎక్కొద్దు, సైకిల్ తొక్కితే మంచిదే కానీ ఎత్తు రోడ్ల మీద బలం పెట్టొద్దు అన్నాడట డాక్టర్. అందుకని బ్యాటరీ సైకిల్ కొన్నాడు. మా మేనల్లుడిది ఒకటి నేను అడిగి తీసుకున్నా.

తెలియనివాళ్ల కోసం: ఇది స్కూటర్ కాదు. పెడల్ తొక్కితేనే మోటార్ సాయం చేస్తుంది, వెనక నుంచి ఎవరో చెయ్యేసి నెట్టినట్టు. 250 వాట్ల లోపు మోటార్, గంటకు 25 కిలోమీటర్లు దాటని వేగం ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, నంబర్ ప్లేట్ అక్కర్లేదు. నా బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. లెక్క కడితే నిండా ఛార్జ్ చేయడానికి అర యూనిట్ కూడా పట్టదు. ఈ లెక్క లాడ్జి మేనేజర్‌కు కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది. రెండు నల్ల డబ్బాలు గదిలోకి మోసుకెళ్తుంటే ఆయన ముందు డబ్బాల వంకా, తర్వాత ఆధార్ మీద నా పేరు వంకా చూశాడు. సారు కన్నడలో ఏదో అన్నాడు. ఆయన నవ్వాడు. ఏమన్నావురా అంటే, "మియాకు షుగర్, అది ఇన్సులిన్ పెట్టె అని చెప్పిన" అన్నాడు. అబద్ధాలకోరు.

సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకుని పొద్దున పదింటికల్లా బీదర్‌లో దిగాం. మొదటి రోజు ఊరు. చౌబారా దగ్గర మొదలుపెట్టాం. నాలుగు బజార్లు కలిసేచోట నిలబడ్డ గుండ్రటి బురుజు అది. అక్కడ ఒక పండ్ల బండి భాయ్ "కాం సే ఆరై?" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు దిల్ నిండింది. హైదరాబాద్‌లో ప్రెస్ మీట్లలో నా దక్కనీ విని సినిమా కామెడీ అనుకునేవాళ్లున్నారు. ఇక్కడ 'నక్కో', 'హౌ' బజారు భాష. హిసాబ్ ఆ భాషలోనే, గొడవ ఆ భాషలోనే.

చౌబారా నుంచి ఖిలాకు పోయే దారిలోనే మహమూద్ గవాన్ మదర్సా. 1472 నాటిది. మూడంతస్తులు, ఒకప్పుడు రెండు మినార్లు, ఇప్పుడు ఒకటే. దాని మీద నీలం, ఆకుపచ్చ పలకలు ఇంకా అక్కడక్కడా మెరుస్తున్నాయి. ఔరంగజేబ్ కాలంలో లోపల మందుగుండు నిల్వ చేశారు. 1696లో అది పేలి ముందు భాగం సగం కూలింది. చదువుల ఇంట్లో బారూద్ పెట్టినవాళ్లకు ఏమనాలో నాకు తోచదు. అంతా మనవాళ్లే.

గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి తిజారత్ కోసం వచ్చి బహమనీ వజీర్ అయినవాడు. దుష్మన్లు ఆయన మొహర్ దగ్గరుండే మనిషికి తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకుని, ఒడిషా రాజును దండయాత్రకు పిలుస్తున్నట్టు ఉత్తరం రాశారని తారీఖ్ పుస్తకాలు చెబుతాయి. సుల్తాన్ పిలిచి అడిగాడు. మొహర్ నాదే, రాత నాది కాదు అన్నాడాయన. 1481లో తల తీయించారు. ఎక్కడో తెలుసా? మన కొండపల్లిలో. బెజవాడ పక్కన బొమ్మల కొండపల్లి. ముప్ఫై ఏళ్ల క్రితం ఈ కథ చదివినప్పుడు పాతకాలపు సంగతి అనుకున్నా. ఇరవై ఏళ్లు పేపర్ ఆఫీసులో పనిచేశాక, మొహర్ ఒకరిది, రాత ఇంకొకరిది అనేది రోజువారీ పని అని తెలిసింది.

ఆయన ఖబర్ ఊళ్లో లేదు. దక్షిణంగా గోర్నళ్లి అనే పల్లె వైపు పోవాలి. బస్సులో వచ్చేవాళ్లు వెళ్లరు. కార్లో వచ్చేవాళ్లకు మలుపు కనబడదు. మేం ఇద్దర్ని అడుగుతూ, కంది చేల మధ్య నుంచి తొక్కుకుంటూ వెళ్లాం. సుల్తాన్‌లకు అష్టూర్‌లో కొండంత గుంబజ్‌లు. ఈయనకు గుంబజ్ లేదు, పైన ఆస్మాన్ ఒక్కటే. ఫాతెహా చదివి కాసేపు కూర్చున్నాం. వాయుసేన ట్రైనింగ్ విమానాలు చెవులు పగిలేలా తలమీద నుంచి పోతూనే ఉన్నాయి. బీదర్ ఆకాశం వాటిదే.

తిరిగొచ్చేటప్పుడు నౌబాద్ దగ్గర కారేజ్ చూశాం. ఇది వినడానికి చిన్న సంగతి, నా వరకు మాత్రం ఖిలా కంటే పెద్దది. బీదర్ ఉన్నది ఎర్రటి లేటరైట్ రాతి మిట్ట మీద. ఆ రాయి నిండా చిల్లులు, వాన నీళ్లు పీలుస్తుంది. కింద నీళ్లు దిగని పొర ఉంది. అందుకే మిట్ట అంచుల్లో ఊటలు పుడతాయి. గురుద్వారా నానక్ ఝీరా ఊట అదే, నడుం లోతు నీళ్లలో నడిచి దర్శనం చేసుకునే నరసింహ ఝరణీ అదే. బహమనీ కాలంలో ఇరాన్ హునర్ తెలిసినవాళ్లు ఆ నీటిని పట్టడానికి నేల కింద సన్న వాలుతో సొరంగం తవ్వారు. అక్కడక్కడా పైనుంచి బావుల్లాంటి మోరీలు, గాలీ వెలుతురూ అందడానికి, మట్టి పైకి లాగడానికి. మోట లేదు, మోటారు లేదు, నీళ్లు తమంతట తామే నడిచి వస్తాయి. సారు వంగి చీకట్లోకి చూస్తూ, "మియా, బళ్లో పర్షియన్ వీల్ అని చెప్తం గానీ ఇది ఒక్కనాడన్న చెప్పినమా" అన్నాడు. గురునానక్‌ను నమ్మేవాళ్లూ, నరసింహుణ్ని మొక్కేవాళ్లూ, సుల్తాన్ తోటమాలీ తాగింది ఒకే రాయి నీళ్లు. నేను ఉపన్యాసం ఇవ్వబోతుంటే వాడు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం బిద్రీ కార్ఖానాలో గంట కూర్చున్నాం. జస్తు, అందులో కొంచెం రాగి కలిపి పోత పోసి, ఉలితో గీతలు చెక్కి, వెండి తీగ కొట్టి ఎక్కిస్తారు. చివర్లో ఖిలా లోపలి పాత మట్టీ నవాసాగరం కలిపి మరిగించి రుద్దితే లోహం కారు నలుపవుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. ఏ మట్టి పనికొస్తుందో నాలుక మీద పెట్టి చూసి చెప్పే ఉస్తాదులున్నారు. ఈ పనికే 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీ సాబ్‌కు పద్మశ్రీ వచ్చింది. మేం కూర్చున్న చోట పనిచేసే కుర్రాడు మాత్రం, "పిల్లలు నేర్చుకోనంటున్నారు భాయ్, ఫోన్ షాప్ పెట్టుకుంటామంటున్నారు" అన్నాడు. ధర అడిగి చిన్న సుర్మేదానీ ఒకటి కొన్నా. బేరం ఆడలేదు.

రెండో రోజు ఫజర్ చదివి అష్టూర్ దిగాం. దిగడమంటే నిజంగా దిగడమే, మిట్ట మీద నుంచి రోడ్డు కిందికి జారుతుంది. దారిలో ఖలీలుల్లా సాబ్ చౌఖండీ. కింద పొలాల మధ్య వరసగా సుల్తాన్‌ల గుంబజ్‌లు. ఒకదాన్ని పిడుగు సగానికి చీల్చింది, కోసిన పుచ్చకాయలా నిలబడి ఉంది. రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు తెచ్చిన అహ్మద్ షా వలీ గుంబజ్ లోపల రంగులు ఇంకా వెలిసిపోలేదు. ఆయన ఉర్స్ హిందూ పంచాంగం ప్రకారం, హోళీ తర్వాత జరుగుతుంది. శంఖం ఊది, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టేది గుల్బర్గా వైపు నుంచి వచ్చే లింగాయతు జంగమయ్య. గులాం యజ్దానీ సాబ్ 1947లో అచ్చయిన తన బీదర్ పుస్తకంలోనే ఇది రాశారు. సారు వాళ్లు లింగాయతులు. "అల్లమప్రభు అంటరు మావోళ్లు ఈయన్ని" అని చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

అక్కడి నుంచి మాంజ్రా వైపు. అది మా నానీ ఊరు. పేరు రాయను. 1948 సెప్టెంబర్‌లో, మనవాళ్లు 'పోలీస్ యాక్షన్' అనే ఆ రోజుల్లో, పదేళ్ల నానీ వాళ్ల అమ్మ చెయ్యి పట్టుకుని ఆ ఊరి నుంచి జహీరాబాద్ వచ్చింది. నాన్నా, పెద్దన్నా రాలేదు. ఆ తర్వాత మా ఖాందాన్‌లో ఒక్కరూ ఆ ఊరు పోలేదు. సుందర్‌లాల్ కమిటీ రిపోర్టులో ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. నేను ఆ రిపోర్టు మీద వార్త కూడా రాశా. నానీ మాత్రం ఊరంటే బావి గురించే చెప్పేది. బావి పక్కన చింతచెట్టు, నీళ్లు మీఠా. అంతే.

మోటార్‌సైకిల్ మీద పోతే గాలి, హెల్మెట్, ఒకడి వీపు. కార్లో ఫోన్. ఈ సైకిళ్ల మీద ఇద్దరూ పక్కపక్కన, ఒకే వేగంతో, ఆయాసం లేకుండా పోవచ్చు. చప్పుడు లేదు. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. చెరుకు తోటల మధ్య సారు ముందుకే చూస్తూ చెప్పాడు. వాళ్ల తాతది కూడా ఇటువైపేనట. రజాకార్లు ఇల్లు తగలబెడితే రాత్రికి రాత్రి ఎడ్లబండి కట్టుకుని షోలాపూర్ పోయారట. తిరిగొచ్చింది యాక్షన్ తర్వాతే. "నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఇన్నేండ్లు చెప్పలే" అన్నాడు. నేను నానీ వాళ్ల నాన్న సంగతి చెప్పా. పాతికేళ్ల దోస్తీ మాది. వాళ్లింటి పండగలన్నీ తిన్నాను, మా ఇంటి పండగలన్నీ తిన్నాడు. ఈ రెండు మాటలు మాత్రం ఎప్పుడూ దస్తర్‌ఖాన్ మీదికి రాలేదు. ఆ తర్వాత రెండు మూడు కిలోమీటర్లు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఊరు చేరేసరికి నా బ్యాటరీ ఒక గీత మీద ఉంది. కిరాణా కొట్టులో ప్లగ్ అడిగాం. రెండు గంటలు కూర్చోక తప్పదు. ఆ రెండు గంటలు లేకపోతే బావి ఫోటో తీసుకుని వచ్చేసేవాళ్లం. కూర్చున్నాం కాబట్టి మనుషులు వచ్చారు. చివరికి ఎనభై దాటిన ఒక పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. సారు "అజ్జా" అంటూ కన్నడలో నానీ వాళ్ల నాన్న పేరు చెప్పాడు. ఆయన దర్జీ అని కూడా. పెద్దాయన నా వైపు తిరిగి దక్కనీలోకి మారిపోయాడు. "మేరా పైలా అంగీ ఉనోఇచ్ సియే" అన్నాడు. తన మొదటి అంగీ కుట్టింది ఆయనేనట.

బావి ఉంది. చింతచెట్టు లేదు. పైన ఇనుప జాలీ, లోపల మోటారు. పెద్దాయన జాలీ మీద చెయ్యి పెట్టి, "యాక్షన్ తర్వాత రెండేళ్లు దీని నీళ్లు ఎవరూ తాగలేదు" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ప్రశ్నలు అడగడం నా పేషా. అడగలేదు. చేతులెత్తి దువా చదివా. సారు, పెద్దాయన పక్కన తలలు దించుకుని నిలబడ్డారు. ఎవరో మోటారు వేశారు, దోసిట్లో పట్టుకుని తాగా.

కిరాణా అతను కరెంటు పైసలు తీసుకోలేదు. "కిత్తా ఖాతా ఏ డబ్బా?" అని నవ్వాడు. అయినా ఛార్జింగ్ చాల్లేదు. అష్టూర్ ఎత్తులో నా మోటార్ ఆగింది. పాతిక కిలోల సైకిల్‌ని నెట్టుకుంటూ ఎక్కా. సారు తనది ఇస్తానన్నాడు. నీ మోకాళ్లు చూసుకో ముందు, అన్నా.

రాత్రి లాడ్జి నుంచి అమ్మీకి ఫోన్ చేశా. దర్జీ నాన్న సంగతి చెప్పా, అంగీ సంగతి చెప్పా. రెండేళ్ల మాట చెప్పలేదు. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "పానీ మీఠా హై క్యా?" అంది.

"హౌ అమ్మీ, మీఠా ఇచ్."

"ముజే బీ లేకు జా" అంది. సైకిల్ మీద ఎట్లా అమ్మీ అంటుంటే సారు ఫోన్ లాక్కుని, "అమ్మీ, ఆటో మాట్లాడుత, ఉగాది సెలవుల్ల పోదం, జొన్నరొట్టెలు నేను తెస్త" అన్నాడు.