కడిగినా పోని సుద్ద

మా హైస్కూలు సైన్స్ ల్యాబ్ బీరువాలో చర్మం నమూనా ఒకటి ఉండేది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసింది, ఇటుక కంటే కాస్త పెద్దది. పైన లేత గులాబీ రంగు బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం, చుట్టలు చుట్టుకున్న స్వేదగ్రంథి, ఎర్రదీ నీలందీ రక్తనాళాలు, అడుగున పసుపు పచ్చని కొవ్వు ముద్దలు. పైకి మూడు వెంట్రుకలు పొడుచుకుని ఉండేవి. ఒకటి విరిగిపోతే అగ్గిపుల్లకు నల్లరంగు పూసి అతికించాను. పదహారేళ్లు దాంతోనే పాఠం చెప్పాను. అందులో నాకు తెలియనిది లేదనే అనుకునేదాన్ని.

2003లో, దసరా సెలవులకు ముందు, నా కుడిచేతి వేళ్ల చివర్లు తెల్లగా కనిపించాయి. సుద్దపొడి అనుకుని కడిగాను. పోలేదు. రెండు నెలలు తిరక్కుండానే మోచేతి కింద రూపాయి బిళ్లంత మచ్చ. బొల్లి.

"చేపల కూర తిని పాలు తాగావా ఏంటమ్మా?" అన్నారు మా అత్తయ్య. చేపలకీ పాలకీ బొల్లికీ సంబంధం లేదని చెప్పినా వినలేదు. ఆర్నెల్లు మా ఇంట్లో చేప వండలేదు. గోదావరి జిల్లాలో పుట్టి, వరద రోజుల్లో పులస వాసన పక్కింటి నుంచి పీల్చాల్సి రావడం ఎలాంటి శిక్షో ఆ జిల్లావాళ్లకే తెలుస్తుంది.

అది నవ్వుకోగలిగాను. బడిలో జరిగినదానికి నవ్వు రాలేదు. ఒక తల్లి వచ్చి, తమ పాపను వేరే సెక్షన్‌కు మార్చమని హెడ్మాస్టరుగారిని అడిగింది. "ఆ టీచరు దిద్దిన నోట్సులు పిల్లలు ముట్టుకుంటారు కదండీ" అందట. ఇది అంటువ్యాధి కాదని తెలిసిన సైన్స్ టీచర్ని. అయినా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. ఆ ఏడాది చర్మం పాఠం వచ్చినప్పుడు నమూనాను బీరువాలోంచి తీయనేలేదు. బోర్డు మీద బొమ్మ గీసి సరిపెట్టేశాను.

కాకినాడలో నేను వెళ్లిన చర్మ వైద్యుడి బల్ల మీదా అలాంటి నమూనాయే ఉంది, ప్లాస్టిక్‌ది. ఆయన పెన్నుతో చూపించారు. బాహ్యచర్మం అడుగు వరసలో రంగును తయారుచేసే కణాలుంటాయి. నల్లగా ఉన్నవాళ్లకీ తెల్లగా ఉన్నవాళ్లకీ వాటి సంఖ్య దాదాపు ఒకటే, అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి ఆ కణాలను చంపేస్తే అక్కడ తెల్లబడుతుంది. ఇంతవరకూ నాకూ తెలుసు. తర్వాత పెన్ను వెంట్రుక వెంట కిందికి జారింది.

"ఈ కుదుర్లో ఆ కణాల నిల్వ ఉంటుందమ్మా. మందు పనిచేస్తే రంగు ఇక్కణ్నుంచే పైకి పాకుతుంది. అందుకే చుక్కలు చుక్కలుగా వస్తుంది."

"మరి వేళ్లు?"

"వేళ్ల చివర వెంట్రుకలెక్కడున్నాయి?"

పదహారేళ్లు నా కళ్లెదుటే ఉంది, నేను అగ్గిపుల్ల అతికించిన చోటే.

అప్పట్నుంచి నమూనాల గురించి ఎక్కడ కనబడినా చదివేదాన్ని. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి మ్యూజియంలో చర్మవ్యాధుల మైనపు నమూనాలు 4,800కు పైగా ఉన్నాయి. కలర్ ఫొటోలు లేని రోజుల్లో వైద్య విద్యార్థులు వాటిని చూసే జబ్బులు గుర్తుపట్టడం నేర్చుకునేవారు. వాటిలో చాలావాటిని చేసిన జూల్ బరెత్తా, అంతకుముందు కాగితపు గుజ్జుతో పండ్ల బొమ్మలు చేసేవాడట! రోగి ఒంటి మీదే అచ్చు తీసి, అందులో మైనం పోసి రంగులద్దేవారు. ఆ బొమ్మలు చూసినప్పుడు నాకు చేసినవాడికంటే, అచ్చు కోసం చేయి చాపి కదలకుండా కూర్చున్నవాళ్లే గుర్తొస్తారు. నేను జాకెట్ చేతుల్లో దాచుకున్నాను.

మరుసటి ఏడాది తొమ్మిదో తరగతిలో నమూనా తెచ్చి బల్ల మీద పెట్టాను. పక్కనే నా చేయి పెట్టి, జాకెట్ చెయ్యి పైకి మడిచాను. క్లాసంతా నిశ్శబ్దం. చివరికి ముందు బెంచీ అమ్మాయి, "ముట్టుకోవచ్చా టీచర్?" అంది. ముట్టుకుంది. "మామూలుగానే ఉందే!" అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది.

పూత మందు, వారానికి రెండుసార్లు కాకినాడ వెళ్లి ప్రత్యేకమైన కాంతి కింద చేయి పెట్టడం, బస్సు చార్జీలు. అదంతా చెప్పుకోదగ్గదేం కాదు. ఆరో నెలలో మోచేతి మచ్చలో ఆవగింజంత గోధుమ రంగు చుక్కలు కనిపించాయి. ల్యాబ్ భూతద్దం పెట్టి పిల్లలే లెక్కపెట్టారు. పదకొండు. ప్రతి చుక్క మధ్యలోనూ ఒక వెంట్రుక ఉందని కనిపెట్టిందీ వాళ్లే.

మచ్చ చాలావరకు పూడింది. వేళ్లు మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. రిటైరైన రోజు ఆ నమూనా తీసుకెళ్లమన్నారు. స్టాక్ రిజిస్టరులో ఉన్న వస్తువు నాకెందుకని వద్దన్నాను. కొత్తగా వచ్చిన టీచరుకు అగ్గిపుల్ల సంగతి మాత్రం చెప్పి వచ్చాను, పిల్లలు లాగితే ఊడుతుందని.