ఉప్పు కడిగే నీళ్లు

తొలకరి పడగానే పెద్దమ్మ విత్తనపు వడ్లు బయటికి తీసింది. బూర్గంపాడు దగ్గర మా ఊళ్లో ఇంకా పాత పద్ధతే. బకెట్ నీళ్లలో రాళ్లుప్పు పోసి కోడిగుడ్డు వేసింది. మునిగింది. ఇంకో గుప్పెడు పోసింది. గుడ్డు పైకి తేలి రూపాయి బిళ్లంత నెత్తి కనబడ్డాక వడ్లు గుమ్మరించింది. తాలు తేలింది, గట్టిగింజ అడుక్కి దిగింది. ఆ తర్వాత మూడుసార్లు మంచినీళ్లతో కడిగితేగానీ మండె కట్టనివ్వదు.

"ఉప్పు మిగిలితే గింజకు నీళ్లందవురా" అంటుంది. ద్రవాభిసరణం అని బళ్లో మేం బట్టీపట్టింది ఈ ముక్కే.

సముద్రపొడ్డు గడ్డికి ఈ బాధ ఉండదనుకునేవాణ్ణి. ఉప్పులో పుట్టిందానికి ఉప్పునీళ్లే తల్లిపాలు కదా! చదివితే తేలింది వేరు. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీళ్లలో ఆ గింజలు చాలామటుకు మొలవవు. వాటికీ మంచినీళ్లే ఇష్టం. ఎదిగాక కొన్ని గడ్లు తాగిన ఉప్పును ఆకుల మీదికి కక్కేస్తాయి, ఎండకు అది తెల్లగా మెరుస్తుంది. గింజకు ఆ విద్య ఇంకా అబ్బలేదు. దానికి తెలిసిందల్లా ఓపిక. ఉప్పులో నానుతూనే చావకుండా పడి ఉంటుంది, ఉప్పు పలచబడిన రోజున మొలకెత్తుతుంది.

ఇసుక దిబ్బల మీద ముళ్లబంతిలా గాలికి దొర్లే గింజల గుత్తి ఒకటుంది. ఆ గడ్డిని రావణాసురుడి మీసాలంటారు. సీతమ్మను ఎత్తుకుపోయింది మా పర్ణశాల నుంచేనని ఇక్కడ చెప్పుకుంటాం. మీసం మాత్రం సముద్రం దగ్గర వదిలిపోయాడు కాబోలు.

భద్రాచలంలో గోదారి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు. 2022 జులైలో 71 దాటింది. అప్పుడు కరకట్ట వైపు చూడాలంటేనే గుండె జారేది. ఆ నీళ్లే ధవళేశ్వరం దాటి, కోరింగ మడ అడవుల పాయల్లో ఉప్పు విరిచి, సముద్రంలో కలుస్తాయి. మనం సామాను అటకెక్కించే రోజులే అక్కడి గింజలు ఎదురుచూసే రోజులు.

ఈ మాట పెద్దమ్మతో అన్నాను.

"మన కొంపలు ముంచితేగానీ దాని ఉప్పు దిగదా?" అని, మండె మీద తడి గోనెపట్టా కప్పి, పైన బండ పెట్టింది.