విలోమము లేని మాత్రిక - అండమాను భాషలు

2011 జనగణనలో గ్రేట్ అండమానీయులు 44 మంది, ఓంగేలు 101. ఉత్తర సెంటినెల్ దీవివారిని దూరమునుండియే చూచి 15 అని వ్రాసికొనిరి. ఇంత చిన్న గుంపుల భాషాలక్షణములను సాంఖ్యకశాస్త్ర పద్ధతిని పరీక్షింపబూనిన భాషాశాస్త్రజ్ఞునకు గణనయంత్రము తరచుగా ఇచ్చు సమాధానము నిరాకరణమే: మాత్రిక అసాధారణము, దానికి విలోమము లేదు. దీనిని యంత్రదోషముగా భావించి సూత్రమును అటునిటు మార్చి చూచువారు పెక్కురు. అడిగిన ప్రశ్నకు తగిన సమాచారము చేతిలోని సామగ్రియందు లేదని మాత్రమే యంత్రము చెప్పుచున్నది.

గుంపులమధ్య దూరమును కొలుచుటకు మహలనోబిస్ 1936లో వివరించిన పద్ధతికి లక్షణముల సహవిస్తృతి మాత్రికయొక్క విలోమము కావలెను. ఒక గుంపునుండి కట్టిన ఆ మాత్రిక కోటి, అందలి మనుష్యుల సంఖ్యకంటె ఒకటి తక్కువైన దానిని మించదు. 44 మందియొద్ద 50 లక్షణములు సేకరించినచో కోటి 43కు లోబడియే యుండును. కనీసము ఏడు దిక్కులలో శూన్యము. 15 మంది విషయము చెప్పనేల?

సంఖ్యతో నిమిత్తము లేని కారణములును కలవు. ఇంటిలో వాడు భాషల పాళ్లను అండమానీయము, హిందీ, ఇతరములు అని నూటికి లెక్కగట్టి, మూడింటిని స్థిరపదముతోపాటు సమీకరణమున చేర్చుట సాధారణముగా కనబడు పొరపాటు. మూడింటి మొత్తము ఎల్లప్పుడును నూరే కావున మూడవది కొత్తగా చెప్పునదేమియు లేదు. దానిని తీసివేసిన చాలును. వేరొక కారణము ఇంత సులభముగా తొలగదు. భాష వచ్చినవారందరును వృద్ధులు, రానివారందరును పిన్నలు ఐనచో, వయోవర్గము, భాషాజ్ఞానము అను రెండు నిలువు వరుసలు ఒక్కటే యగును. వానిని విడదీయుట ఏ గణితమునకును సాధ్యము కాదు. బో భాషను మాటలాడిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి 26న మరణించిరి. ఆ వరుసలో నాటినుండి సున్నలే.

చిన్న గుంపులను కలిపివేయుట అందరికిని తోచు ఉపాయము. కాని గ్రేట్ అండమానీయులనునదే పది తెగల ఉమ్మడి పేరు. కలుపుట ఒకమారు జరిగియే యున్నది. పదివేలమందికంటె తక్కువమంది మాటలాడు భాషలను 1971నుండి జనగణన భాషాపట్టికలు వేరుగ చూపుట లేదు. అదే దీవులలో నూటికి సుమారు 13 మందికి మాతృభాషయైన తెలుగునకు ఈ చిక్కు లేదు. అందువలననే కాబోలు, మనకు ఇది వెంటనే స్ఫురింపదు.

ఈ చిక్కునకు గణితమున దారి చూపినవారిలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ముఖ్యులు. వారు 1955లోను, 1962లోను వ్రాసిన వ్యాసములు, 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి ప్రకటించిన గ్రంథము సాధారణీకృత విలోమమును స్థిరపరచినవి. అట్టి విలోమములు అనేకములు; ఒక్కొక్కటి ఒక్కొక్క సమాధానము నిచ్చును. ఐనను కొన్ని సంయోగముల విలువ దేనితో కట్టినను మారదు. పరిశోధకుడు ప్రకటింపదగినవి అవి మాత్రమే. తక్కిన అంకెలు ముచ్చటగా కనబడినను వానిని నమ్మరాదు.

హోయర్ల్, కెనార్డ్ అనువారు 1970లో సూచించిన విధమున మాత్రిక కర్ణముపై చిన్న రాశిని కూడినచో యంత్రము మారుమాటాడదు. కాని కూడినది సామగ్రి కాదు, ఊహ. గుంపుల అంచనాలను ఉమ్మడి సగటువైపు లాగు పద్ధతులలో అన్నిటికంటె చిన్న గుంపే ఎక్కువగా లాగబడును. ఒక భాష తక్కిన వానికంటె భిన్నమా యని అడుగుచు, భిన్నము కాదను ఊహతోనే ఆరంభించుట ఎంతవరకు న్యాయము? ఆ ఊహను వ్యాసమున స్పష్టముగా వ్రాయకుండుట మరియు అన్యాయము.

అన్వితా అబ్బి కొద్దిమంది వక్తల పలుకులను విని 2013లో గ్రేట్ అండమానీయ వ్యాకరణమును ప్రకటించిరి. దేహభాగముల విభజనపై ఆధారపడిన ఏడు వర్గములు ఆ భాషా వ్యాకరణమంతటను వ్యాపించియున్నవని అందు నిరూపించిరి. ఆ నిరూపణమునకు వక్తల సంఖ్య అడ్డు కాలేదు. ఒక్కొక్క ప్రయోగమును విడిగా పరిశీలించిరి.